జెట్‌స్కీ లాగడం లేదా? రింగు మార్చాలా, రెక్కలు కట్టించాలా, పంపే మార్చాలా

మైపాడు బీచ్‌లోనో కొత్తపట్నం బీచ్‌లోనో నాలుగైదు సీజన్లు తిరిగిన జెట్‌స్కీకి ఏదో ఒకరోజు ఈ జబ్బు పట్టుకుంటుంది. త్రాటిల్ నొక్కితే ఇంజను గొంతు చించుకుంటుంది గానీ బండి ముక్కు లేవదు. ఇద్దరినెక్కించుకుని అల దాటేసిన బండి, ఇప్పుడు ఒక్కరితోనే నీళ్ళలో కూరుకుపోయినట్టు పోతుంది. చూసిన ప్రతివాళ్ళూ "ఇంపెల్లర్ పోయింది, కొత్తది తెప్పించు" అంటారు. ఇంపెల్లర్ అంటే నీళ్ళని వెనక్కి తోసే రెక్కల చక్రం. ఆ మాట విని డబ్బులు కట్టెయ్యకండి. మన తీరంలో ముందు పోయేది ఎక్కువగా ఇంపెల్లర్ కాదు, దాని చుట్టూ ఉండే రింగు. ఏది పోయిందో తేల్చేది పది నిమిషాల కొలత. ఆ కొలత చూడకుండా ఎంపిక గురించి మాట్లాడుకోవడమే దండగ.

పంపు పని చేసే తీరు తెలిస్తే మిగతాదంతా సులువు. అడుగున జల్లెడ, అందులోంచి నీళ్ళు పైకి లాగే సొరంగం, చివర గుండ్రటి గొట్టంలో తిరిగే ఇంపెల్లర్. ఇంపెల్లర్ రెక్కల అంచుకీ గొట్టం లోపలి గోడకీ మధ్య కాగితాలు రెండు మూడు పట్టేంత సందే ఉండాలి. ఆ గోడే వేర్ రింగ్. వెనక కదలని స్టేటర్ రెక్కలు, వాటి మధ్యలో బేరింగులు, వాటిని వెనకనుంచి మూసే కోన్, ఆ తర్వాత నీళ్ళు బయటికి చిమ్మే నాజిల్. సందు పెరిగితే ఒత్తిడి పడ్డ నీళ్ళు నాజిల్ వైపు పోకుండా రెక్కల అంచు మీదుగా వెనక్కి జారతాయి. 155 మి.మీ. పంపులో ఒక మిల్లీ సందు అంటే చుట్టుకొలత మొత్తం కలిపి 480 చదరపు మిల్లీమీటర్ల పైన. పంపు గోడకి 22 మి.మీ. పొడవు, అంతే వెడల్పున్న కన్నం పెట్టుకున్నట్టు. క్లచ్ జారే మోటారుసైకిలు ఎలా అరుస్తుందో ఇదీ అలాగే అరుస్తుంది.

డబ్బులు పెట్టకముందు చూడాల్సినవి

బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి, తాడు తాళం (నడిపేవాళ్ళు ఒంటికి తగిలించుకునేది, లాగితే ఇంజను ఆగుతుంది) తీసి జేబులో వేసుకోండి. ఇంజను ఆడే అవకాశం ఉండగా జల్లెడలో చెయ్యి పెట్టకూడదు. ఇందులో మినహాయింపు లేదు.

టార్చి వేసి కింద జల్లెడలోంచీ, వెనక నాజిల్‌లోంచీ చూడండి. మన ఒడ్డున దొరికేవి మూడు: తెగిన నైలాన్ వల దారం, సరుగుడు పుల్లలు, పాలిథిన్ సంచులు. వల దారం అన్నిటికన్నా చెడ్డది. షాఫ్ట్‌కి చుట్టుకుని, రాపిడికి కరిగి గట్టి గాజుముక్కలా బిగుసుకుపోతుంది. బయటికి కనబడదు, ఆయిల్ సీల్ పెదవిని మాత్రం తినేస్తుంది. కొక్కెం కట్టిన తీగతోనో సన్నటి కత్తితోనో ముక్కలు ముక్కలుగా కోసి తీయాలి. లాగితే సీల్ కూడా వచ్చేస్తుంది.

చెత్త లేకపోతే గాలి సంగతి చూడండి. పంపు మొహానికీ హల్‌కీ (బండి అడుగు బాడీకి) మధ్య ఉండే రబ్బరు సీలు గానీ సిలికాన్ పూత గానీ చిరిగితే, పంపు నీళ్ళతో పాటు గాలి కూడా పీలుస్తుంది. లక్షణాలన్నీ రింగు అరిగినట్టే ఉంటాయి. ఒక తేడా ఉంది: గాలి పీల్చే బండి అల మీద ఊగినప్పుడు మరీ జారుతుంది, నెమ్మదైన నీళ్ళలో కాస్త మేలు. రింగు అరిగిన బండి రెండు చోట్లా ఒకేలా జారుతుంది. పాత సిలికాన్ గీకేసి, అసిటోన్‌తో తుడిచి, సముద్రపు నీటికి పనికొచ్చే సీలెంట్ మళ్ళీ వేసి, 24 గంటలు ఆరనివ్వండి. ఇక్కడితో బాగైపోయే బళ్ళు కూడా ఉన్నాయి.

కొలత

పొడవాటి ఫీలర్ గేజ్, అంటే సందు కొలిచే సన్నని రేకుల కట్ట, కావాలి. మామూలు ట్యాపెట్ గేజ్ పొట్టిగా ఉంటుంది, జల్లెడ విప్పితేనే అందుతుంది. నాజిల్ విప్పి వెనకనుంచి కొలవాలంటే స్టేటర్ అడ్డొస్తుంది, కాబట్టి జల్లెడ వైపునుంచి కొలవడమే మేలు. లేదా పంపు మొత్తం దించి బల్ల మీద కొలవండి.

ఒక్కో రెక్క అంచు మధ్యలో గేజ్ దూర్చి సందు రాసుకోండి. తర్వాత ఒకే రెక్కని నాలుగు దిక్కులకీ తిప్పుతూ, అంటే పైన, కింద, ఎడమ, కుడి కొలవండి. కాగితం మీద చిన్న పట్టీ గీసుకుంటే జబ్బు దానంతట అదే బయటపడుతుంది.

రెక్కలన్నీ, దిక్కులన్నీ ఇంచుమించు ఒకే అంకె చూపిస్తూ ఆ అంకె పెద్దదైతే రింగు అరిగింది, లేదా రెక్కలన్నీ సమానంగా అరిగాయి. ఒక రెక్క దగ్గర మాత్రమే ఎక్కువైతే, ఎక్కడికి తిప్పినా ఆ రెక్కతోనే ఆ అంకె తిరుగుతుంటే ఇంపెల్లర్ దెబ్బతింది. ఏ రెక్క వచ్చినా ఒకే దిక్కున ఎక్కువ, ఎదురు దిక్కున తక్కువ అయితే బేరింగు పోయి షాఫ్ట్ పక్కకి జరిగింది. ఆ స్థితిలో రింగు మార్చినా రెండు వారాల్లో కొత్తదాన్నీ ఒక వైపు తినేస్తుంది.

అంకెల సంగతి. 0.3 మి.మీ. చుట్టుపక్కల ఉంటే పంపు ఆరోగ్యంగా ఉన్నట్టే, వేరే చోట వెతకండి. యమహా మాన్యువళ్ళు 0.6 మి.మీ. దాటితే మార్చమంటాయి. సీ-డూ కంపెనీ బళ్ళ ప్లాస్టిక్ రింగులకి హద్దు సుమారు 1 మి.మీ. అయినా హద్దు దాకా ఆగేది ఎందుకు? అద్దెకి తిప్పే బండికి 0.7 దగ్గరే తేడా తెలుస్తుంది, పెట్రోలు ఖర్చులోనూ తెలుస్తుంది.

రింగు మాత్రమే: మన దగ్గర మొదటి ఎంపిక ఇదే

మైపాడులో అయినా కొత్తపట్నంలో అయినా ఒడ్డు దగ్గర ఇసుక మెత్తగా, చదునుగా ఉంటుంది. చాలామంది మోకాలి లోతులోనే స్టార్ట్ చేసి లాగించేస్తారు. సీ-డూ మాన్యువళ్ళు కనీసం 90 సెంటీమీటర్ల లోతు ఉండాలంటాయి, యమహా 60 అంటుంది. మాన్యువల్ చూసే తీరిక లేకపోతే ఒకటే గుర్తు, నడుము లోతు. మోకాలి లోతులో స్టార్ట్ చేస్తే జల్లెడ వాక్యూమ్ క్లీనర్‌లా ఇసుకా గవ్వముక్కా పీల్చేస్తుంది. గవ్వముక్క రెక్క అంచుకీ రింగుకీ మధ్య చిక్కి గీత గీస్తుంది. ఆ గీతలో ఇసుక కూర్చుని గీతని గాడి చేస్తుంది.

సీ-డూ బళ్ళలో ఎక్కువ మోడళ్ళకి రింగు ప్లాస్టిక్కు, విడిగా మార్చుకోవచ్చు. కొందరు "స్టీలు రింగు వేయిస్తే జీవితాంతం చూసుకోనక్కర్లేదు" అంటారు. లోతున్న జలాశయంలో తిరిగే బండికి సరే. ఇక్కడ వద్దు. రాయో గవ్వో చిక్కినప్పుడు ప్లాస్టిక్ రింగు లొంగుతుంది, గీతపడి ఊరుకుంటుంది. స్టీలు రింగు లొంగదు, అప్పుడు చివర విరిగేది రెక్క. పోయేది చవక సామానే అయ్యేట్టు చూసుకోవాలి. ఇంపెల్లర్ ఖరీదులో రింగు ఖరీదు మూడో వంతో నాలుగో వంతో ఉంటుంది.

మార్చే పద్ధతి. పంపు దించి, కోన్ విప్పి, ఇంపెల్లర్ తీయాలి. ఇంపెల్లర్ లోపలి పళ్ళకి సరిపోయే టూలు తప్పనిసరి. రెక్కకి ఇనపరాడ్డు అడ్డంపెట్టి తిప్పితే రెక్క వంగుతుంది, అప్పుడు నిజంగానే కొత్త ఇంపెల్లర్ కొనాలి. కొన్ని మోడళ్ళకి ఎడమ మర ఉంటుంది. మీ మోడల్ మాన్యువల్ చూసి ఏ వైపు తిప్పాలో తేల్చుకున్నాకే బలం పెట్టండి. పట్టేసి ఉంటే హబ్ (ఇంపెల్లర్ నడిమి బొడ్డు) చుట్టూ హీట్ గన్‌తో వేడి చేసి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఒక రాత్రి వదిలేయండి.

పాత రింగుని హ్యాక్సా బ్లేడుతో ఎదురెదురుగా రెండు చోట్ల నిలువునా కోయండి. ప్లాస్టిక్ ఆఖరి పొర మిగిలినప్పుడే ఆపి, స్క్రూడ్రైవర్‌తో లోపలికి విరవాలి. బ్లేడు అల్యూమినియం బాడీని తాకిందంటే ఆ గీతలోంచి ఉప్పు దిగి లోపల తెల్ల పొడి పుడుతుంది. బాడీ గోడని ఎమరీతో నున్నగా చేయండి, ఒక్క చుక్క తెల్ల పొడి కూడా మిగలకూడదు.

కొత్త రింగు బిగువుగా ఉంటుంది, సుత్తితో కొడితే పగులుతుంది. దాన్ని ముడుచుకునేలా చేయాలి. ఫ్రీజర్ ఉంటే ఫ్రీజరు, లేకపోతే రొయ్యల ఐసు పెట్టె చాలు: రింగుని పాలిథిన్ సంచిలో గట్టిగా మూటగట్టి, పగలగొట్టిన ఐసూ కల్లుప్పూ కలిపి గంటన్నర పూడ్చి పెట్టండి. ఉప్పు కలిసిన ఐసు సున్నాకి బాగా దిగువకి పోతుంది. ఈలోపు పంపు బాడీని వేడి నీళ్ళలో ముంచి తుడవండి. రింగు బయటి గోడకి సబ్బు నీళ్ళు రాసి, చదునైన చెక్క దిమ్మ పెట్టి, ఎదురెదురు పక్కల్లో మార్చి మార్చి నొక్కుతూ దించాలి. అంచు బాడీ అంచుతో సమానంగా కూర్చోవాలి. ఒక వైపు అర మిల్లీ పైకి ఉన్నా ఇంపెల్లర్ అక్కడ రాసుకుంటుంది.

కొత్త రింగులో ఇంపెల్లర్ చేత్తో తిప్పితే కాస్త బిగువుగా, అక్కడక్కడ ఆనుతూ ఉండొచ్చు. అది తప్పు కాదు. మొదటి కొన్ని నిమిషాలు నీళ్ళలో నెమ్మదిగా తిప్పితే దానంతట అదే సర్దుకుంటుంది. నీళ్ళు లేకుండా మాత్రం స్టార్ట్ చేయకండి, ప్లాస్టిక్ కరిగి రెక్కకి అంటుకుంటుంది.

యమహా, కవాసకి బళ్ళలో కథ వేరు. చాలావాటిలో అల్యూమినియం బాడీ లోపల స్టీలు తొడుగు ఉంటుంది. అది ఇసుకకి అంతగా అరగదు గానీ, దాని వెనక ఉప్పు చేరి అల్యూమినియం పొంగితే తొడుగు లోపలికి ఉబ్బి రెక్కల్ని రాస్తుంది. కొలతలో ఒకే చోట సందు సున్నా చూపిస్తే ఇదే కారణం. రుద్ది సరిచేస్తే నెల నిలుస్తుంది. బాడీ మార్చడమే దారి, లేదా విడి రింగు వేసుకునే బయటి కంపెనీ బాడీ.

పాత ఇంపెల్లర్‌ని బాగుచేయించడం

చిన్న చిన్న పళ్ళు, నొక్కులు అయితే వెల్డింగ్ మాటే ఎత్తకండి. సన్నని ఆకురాయితో నీళ్ళు ముందు తగిలే అంచుని నున్నగా చేసి, 320 నంబరు ఎమరీతో దిద్దితే చాలు. అంచు బ్లేడులా పదునుగా కాకుండా కొంచెం గుండ్రంగా మిగలాలి. రెక్కలన్నిటికీ ఒకేలా చేయాలి, లేకపోతే మోత మిగిలిపోతుంది.

రెక్కల బయటి అంచే అరిగి, ఇంపెల్లర్ వ్యాసం తగ్గిపోతే ఆర్గాన్ వెల్డింగ్‌తో లోహం పోయించి, లేతు మీద మళ్ళీ కొలతకి తేవచ్చు. నెల్లూరులో, ఒంగోలు–చీమకుర్తి వైపు గ్రానైట్ మిషన్ల సామాను చేసే లేతు షాపుల్లో ఈ పని తెలిసిన చేతులున్నాయి. కానీ ఇంపెల్లర్ చేసిన చెయ్యీ, మోటారు పంపు ఫ్యాన్ చేసిన చెయ్యీ ఒకటి కాదు. కాబట్టి మీరు అడగాల్సిన సంగతులు మీకు తెలిసి ఉండాలి.

పోసే రాడ్ స్టెయిన్‌లెస్‌ది, 316ఎల్ అయితే ఉప్పు నీటికి మంచిది. ఒకే రెక్కని ఏకబిగిన పోస్తే వేడికి వంగుతుంది. చిన్న చిన్న ముక్కలుగా, రెక్క మార్చి రెక్క, చల్లారనిస్తూ పోయాలి. లేతు మీద పట్టుకోవడానికి ఇంపెల్లర్ కన్నానికి సరిపోయే మాండ్రిల్ (లోపల దూర్చే కడ్డీ) తిప్పాలి. చక్‌లో హబ్‌ని నేరుగా పట్టుకుంటే మధ్య తప్పుతుంది. రెక్కల మధ్య ఖాళీ వల్ల టూలు దెబ్బ దెబ్బకీ తగిలి వదులుతుంటుంది, అందుకే కోత 0.2 మి.మీ. మించకూడదు. ఎంత మిగలాలి? ముందు రింగు లోపలి వ్యాసం మైక్రోమీటర్‌తో తీసుకోండి. అది 155.60 అయితే ఇంపెల్లర్ 155.00. అంటే ఒక్కో పక్క 0.3. కొన్ని మోడళ్ళలో అంచు తిన్నగా కాక శంకువులా వాలి ఉంటుంది, ఆ వాలు కూడా రాసివ్వాలి. కొత్త రింగు కూడా వేసే ఉద్దేశం ఉంటే, ముందు రింగు వేసి తర్వాత దానికి తగ్గట్టు లేతు పని. వరస తిరగబడితే డబ్బులు రెండుసార్లు పోతాయి.

తిరిగొచ్చాక మీరే పరీక్షించుకోవచ్చు. చదునైన పలక మీద ఇంపెల్లర్ నిలబెట్టి, ఒక్కో రెక్క ముందంచు ఎత్తూ వెనకంచు ఎత్తూ కొలవండి. పలక కోసం వెతకనక్కర్లేదు, పాలిష్ పట్టిన గ్రానైట్ ముక్క ఒంగోలు దారిలో ఎవరి అరుగు మీదయినా ఉంటుంది, ఈ పనికి అంత చదును చాలు. రెక్కల మధ్య తేడా అర మిల్లీ దాటితే పిచ్, అంటే రెక్కల వాలు, చెడింది, వెనక్కిచ్చేయండి. తర్వాత బ్యాలెన్స్: ఇంపెల్లర్‌ని మాండ్రిల్‌తో సహా సమానంగా అమర్చిన రెండు పదును అంచుల మీద పెట్టి వదలండి. ప్రతిసారీ ఒకే రెక్క కిందికి వస్తుంటే ఆ రెక్క వెనక వైపు గ్రైండింగ్‌తో కొద్దికొద్దిగా తగ్గించాలి. బ్యాలెన్స్ చూడకుండా బిగించిన ఇంపెల్లర్ మొదట బేరింగునీ, తర్వాత సీల్‌నీ తినేస్తుంది.

వెల్డింగ్ వద్దనాల్సిన సందర్భాలు మూడు. రెక్క మొదలు దగ్గర, హబ్‌ని అంటుకునే చోట పగులుంటే. అక్కడ ఎర్ర రంగు డై కొట్టి, తుడిచి, తెల్ల డెవలపర్ చల్లితే సన్నటి ఎర్ర గీత బయటపడుతుంది. రెండోది, రెక్కలో పెద్ద ముక్కే ఎగిరిపోతే. మూడోది, పాత బళ్ళ అల్యూమినియం ఇంపెల్లర్. దానికి వెల్డింగ్ చేసినా పక్కనే మళ్ళీ పగులుతుంది.

కొత్త ఇంపెల్లర్

కొత్తది కొనాలని తేలితే పంపు వ్యాసం చూసి కొనేయకండి. 140, 144, 155, 159 లాంటి కొలతలు మోడల్ మోడల్‌కీ మారతాయి. ఒకే 155లో కూడా షాఫ్ట్ పళ్ళు వేరుగా ఉంటాయి. హల్ నంబరు, మోడల్ ఏడాది, పాత ఇంపెల్లర్ మీద చెక్కి ఉన్న నంబరు, ఈ మూడూ పంపించి అడగండి. ఒరిజినల్ కాకపోతే సోలాస్ లాంటి పేరున్న కంపెనీది చాలు. పేరు లేనిది చవకగా వస్తే, పైన చెప్పిన గ్రానైట్ పలక పరీక్ష దానికీ చేయండి, తేడా కనబడుతుంది.

పిచ్ విషయంలో ఆశపడకండి. 13/17, 12/20 అని రాసుండేవి ముందంచు, వెనకంచు కోణాలు. కోణం పెరిగితే స్పీడు పెరుగుతుందన్నది బలమున్న ఇంజనుకి నిజం. పాత ఇంజనుకి కంప్రెషన్ తగ్గి ఉంటుంది. పెద్ద పిచ్ వేస్తే ఆర్‌పీఎం అందదు, బండి ఇంకా మొద్దుబారుతుంది. ఇద్దరూ ముగ్గురూ ఎక్కి ఒడ్డు దగ్గరే చుట్లు కొట్టే బండికి కంపెనీ పిచ్ లేదా ఒక మెట్టు తక్కువ. మీ ఇంజను పూర్తి ఆర్‌పీఎం ఎంతో తెలుసుకోండి: యమహా వీఎక్స్ 110కి సుమారు 10,000, పాత సీ-డూల రోటాక్స్ 720 టూ స్ట్రోక్‌కి సుమారు 6,800.

పంపు మొత్తం మార్చడం

స్టేటర్ రెక్కలు విరిగినప్పుడు, బేరింగు కూర్చునే గుంట వదులైనప్పుడు, జింక్ ఆనోడ్ (బాడీకి బదులు తాను తుప్పు పట్టే ముక్క) ఎన్నడూ మార్చక అల్యూమినియం బాడీ జల్లెడలా అయినప్పుడు తప్ప దీని జోలికి పోవద్దు. బేరింగు గుంట వదులైతే పంచ్ కొట్టి బిగించేవాళ్ళుంటారు. ఒప్పుకోవద్దు, అది నిలవదు.

వాడిన పంపు దొరికితే, ఫొటో చూసి డబ్బు పంపకండి. సందు కొలిచి చూపమనండి. షాఫ్ట్ పళ్ళు వేలితో తడిమి, అరిగి మొనదేలాయేమో చూడండి. కోన్ విప్పించండి. లోపల ఆయిల్ ఉండే మోడల్ అయితే అది పాలలా తెల్లగా ఉందంటే నీళ్ళు పోయాయని అర్థం, బేరింగుల ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

ఏ దారిలో పోయినా తప్పని ఖర్చు

పంపు ఒకసారి దించాక బేరింగులూ సీళ్ళూ పాతవే వేసి బిగించడం పిసినారితనం. బేరింగు మీద నంబరు చదివి అదే నంబరుది ఊళ్ళో బేరింగుల షాపులో పేరున్న కంపెనీది తీసుకోవచ్చు. సీల్ దగ్గర జాగ్రత్త. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం కలిసినా పెదవి చుట్టూ ఉండే స్ప్రింగు మామూలు ఇనపదైతే ఉప్పు నీళ్ళలో ఒక్క సీజన్ కూడా నిలవదు. స్టెయిన్‌లెస్ స్ప్రింగు ఉన్న రెండు పెదవుల సీల్ తీసుకోండి. కోన్‌లో ఆయిల్ పట్టే పాత సీ-డూలకి 75డబ్ల్యూ-90 సింథటిక్ గేర్ ఆయిల్, గ్రీజు పట్టేవాటికి మెరైన్ గ్రీజు. షాఫ్ట్ పళ్ళకి దండిగా గ్రీజు. బోల్టులు స్టెయిన్‌లెస్, బాడీ అల్యూమినియం కాబట్టి నీలం రంగు లాక్‌టైట్ (మర జిగురు) చుక్క వేయకపోతే వచ్చే ఏడాది అవి మళ్ళీ విప్పుడు పడవు. జింక్ ఆనోడ్ సగం తినేసి ఉంటే కొత్తది బిగించండి.

ఖర్చు లెక్క ఎటు తూగుతుందంటే: సందు ఒక్కటే పెరిగి రెక్కలు బాగుంటే రింగు, బేరింగులు, సీళ్ళు. రెక్కల అంచు అరిగి, మొదలు గట్టిగా ఉండి, మీకు నమ్మకమైన లేతు పనివాడుంటే వెల్డింగ్. ఆ నమ్మకం లేకపోతే ఆ డబ్బులకి ఇంకొంత కలిపి కొత్త ఇంపెల్లరే. వెల్డింగ్, మాండ్రిల్, బ్యాలెన్స్ మూడూ కలిపిన బిల్లు కొత్తదాని ఖరీదులో సగం దాటితే వెల్డింగ్ మానేయండి. కార్తీక మాసం, సంక్రాంతి రద్దీకి ముందు చేస్తున్నవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి: సామాను చెన్నై నుంచి రావాలన్నా విదేశం నుంచి రావాలన్నా రోజులు పడతాయి, లేతు పనికి నాలుగు రోజులు చాలు. ఆ తొందరలో వెల్డింగ్ చేయించిన ఇంపెల్లర్‌ని సీజన్ అయ్యాక స్పేరుగా దాచుకుని కొత్తది వేసుకోవడం తెలివైన పనే.

పని అయ్యాక మొదటి పరీక్ష నడుము లోతులో, ఒక్కరే ఎక్కి. పూర్తి త్రాటిల్‌లో ఆర్‌పీఎం కంపెనీ అంకెకి దగ్గరగా వచ్చి, బండి వెంటనే ముక్కు లేపితే పంపు కుదిరింది. ఆర్‌పీఎం అంకె దాటి పోతూ బండి జారుతుంటే సందో గాలో ఇంకా ఉంది. ఆర్‌పీఎం అసలు అందకపోతే పిచ్ ఎక్కువ, లేదా జబ్బు ఇంజనుది. ఒడ్డుకి తెచ్చాక మంచినీళ్ళతో కడిగేటప్పుడు ముందు ఇంజను స్టార్ట్ చేసి తర్వాత నీళ్ళ పైపు తిప్పాలి, ఆపేటప్పుడు ముందు నీళ్ళు, తర్వాత ఇంజను. పది గంటల వాడకం తర్వాత ఆయిల్ పట్టే మోడల్ అయితే కోన్ బోల్టు విప్పి ఆయిల్ రంగు చూసి, ఫీలర్ గేజ్‌తో అదే నాలుగు దిక్కులూ మళ్ళీ కొలిచి, మొదటి పట్టీ పక్కనే రాసుకోండి.